చెవి వెనక లవంగ నూనె

నాకు దేన్నీ వెంటనే నమ్మే అలవాటు లేదు. పాలాయన రోజూకంటే ఎక్కువ నవ్వితే పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుంటాను. బ్యాంకు నుంచి ఫోన్‌కి మెసేజ్ వస్తే బ్యాంకుకి స్వయంగా వెళ్ళి అడుగుతాను. బళ్ళో బయాలజీ చెప్పడం మొదలుపెట్టాక ఈ గుణం ఇంకా ముదిరింది. అలాంటిదాన్ని, నలభై దాటాక, ఒక గాలి కబురు పట్టుకుని చెవి వెనక ఏదో రాసుకుని తిరిగాను. ఎందుకు తిరిగానో చెప్పాలంటే ముందు పెంటపాడు పొలాల్లో బుట్టల సంగతి చెప్పాలి.

మా ఇల్లు ఏలూరులో, పవర్‌పేట స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. నా బడి పెంటపాడు దగ్గర. పొద్దున్నే పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెంలో దిగి, అక్కడినుంచి షేర్ ఆటో పట్టుకుంటాను. ఆటో దిగాక బడికి వెళ్ళే దారికి రెండువైపులా వరిచేలే. ఆ యేడు రైతులు చేలల్లో కర్రలు పాతి లింగాకర్షక బుట్టలు కట్టారు. బుట్ట అంటారు గానీ అది మూతకింద వేలాడే పొడుగాటి ప్లాస్టిక్ సంచి. లోపల చిన్న రబ్బరు బిళ్ళ ఒకటి ఉంటుంది. దానికి ఆడ పురుగు వాసన పట్టిస్తారు. మగ రెక్కల పురుగులు ఆ వాసన వెంట వచ్చి సంచిలో పడి చస్తాయి. నేను ఒకరోజు చెప్పులు చేతపట్టుకుని గట్టు మీద నడిచి వెళ్ళి ఆ బిళ్ళని వాసన చూశాను. నా ముక్కుకి ఏమీ తెలియలేదు. సంచి అడుగున మాత్రం పురుగులు చాలానే ఉన్నాయి.

ఆ వారమే పదో తరగతికి ఈ పాఠం చెప్పాను. వెనక బెంచీల్లో ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకుంటున్నారు. చివరికి ఒకమ్మాయి లేచి, "మేడం, మనుషులక్కూడా ఇలాంటి వాసన ఉంటుందాండీ?" అని అడిగింది.

"ఇంకా తేలలేదమ్మా. తేలాక చెబుతాలే, కూర్చో," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ ప్రశ్న నాతోపాటు పాసింజరు ఎక్కి ఏలూరు దాకా వచ్చింది.

అప్పటికి నాకు పెద్దాపరేషన్ అయి ఏడాది దాటింది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు. ఇక ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవదని, బయటినుంచి ఇవ్వాలని డాక్టరమ్మగారు మొదట మాత్రలు రాశారు. అవి నాకు పడలేదు, కడుపులో తిప్పేది. అప్పుడు జెల్ ఇచ్చారు. రోజూ పొద్దున్న భుజం మీద రాసుకోవాలి. వాడని మాత్రల అట్టలు బీరువాలో చీరల కింద ఉండిపోయాయి.

ఆపరేషన్ రోజుల్లోనే మా ఆయన తన దిండు తీసుకుని ముందుగదిలోకి మారారు. "కుట్లు మానేదాకా నీకు విశ్రాంతి కావాలి," అన్నారు. కుట్లు మానాయి. మచ్చ కూడా తెల్లబడింది. దిండు మాత్రం వెనక్కి రాలేదు. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో మేమిద్దరమే, చెరో గదిలో.

ఆయన నన్ను సరిగా చూసుకోలేదని అంటే కళ్ళు పోతాయి. నెలరోజులు అన్నం వండి పెట్టారు. నా చీరలు ఆరేసి మడతపెట్టారు. కానీ నేను అన్నీ గమనించే మనిషిని. వంటింట్లో నేను ఎదురొస్తే గోడకి అతుక్కుపోయి దారి ఇచ్చేవారు. టీ గ్లాసు అందుకునేటప్పుడు నా వేళ్ళు తగలకుండా అడుగు పట్టుకునేవారు. మే నెల ఎండల్లో కూడా బనియన్ విప్పడం మానేశారు. పెళ్ళయిన దగ్గరనుంచి ఇంట్లో చొక్కా లేకుండా తిరిగిన మనిషి నా ముందు ఒళ్ళు దాచుకోవడం మొదలుపెట్టారంటే ఏమనుకోవాలి? ఆయన మనసు ఎటైనా పోయిందా అని కొన్నాళ్ళు అనుమానించాను. ఫోన్ చూశాను కూడా. అందులో చేపల ఫొటోలు, చెరువు నీళ్ళ ఫొటోలు తప్ప ఏమీ లేవు.

మా చర్చి ఆడవాళ్ళలో ఒకావిడ నన్ను పరామర్శించడానికి వచ్చి, "ఇంక ఏ బాధా లేదులేండి, అన్నీ అయిపోయాయి," అంది. ఆవిడ మంచికే అంది. ఆ మాట మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. మా ఆయన దృష్టిలో కూడా నాకు అన్నీ అయిపోయాయా? నేను ఆయనకి ఇంకా కావాలా, అక్కర్లేదా? నాకు తెలియాల్సింది ఆ ఒక్కటే. నోరు తెరిచి అడగడానికి భయం. అక్కర్లేదంటే ఆ తరవాత ఆ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు.

ఆయన పనేమిటో కూడా చెప్పాలి. కొల్లేరు అంచున, ముదినేపల్లి వైపు, ఒక చేపపిల్లల హేచరీలో ఆయన సూపర్‌వైజరు. తల్లి చేపలకి హార్మోన్ ఇంజక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించడం ఆయన పని. బొచ్చె అయినా శీలావతి అయినా ఆయన చేతి సూది పడితే మాట వినాల్సిందే అని ఆ చుట్టుపక్కల పేరు. చేపల కాపురాలన్నీ చక్కబెట్టే మనిషికి సొంత కాపురం గుర్తు లేదేమిటా అని నాలో నేనే ఎత్తిపొడుచుకునేదాన్ని.

క్లాసులో ఆ ప్రశ్న విన్నాక నేను రైల్లో ఫోన్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మొదట కనిపించినవన్నీ సెంటు సీసాల ప్రకటనలే. ఇది చల్లుకుంటే మగవాళ్ళు వెంటపడతారట. అవి అమ్మేవాళ్ళ మొహాలు చూస్తేనే నాకు నమ్మకం పోయింది. ఇంకొంచెం లోతుకు వెళ్తే కాస్త నికార్సయిన రాతలు దొరికాయి. ఈస్ట్రోజెన్ కుటుంబానికి చెందిన ఒక పదార్థం ఆడవాళ్ళ ఒంట్లో ఉంటుందనీ, దాన్ని వాసన చూపిస్తే మగవాళ్ళ మనసులో ఏదో చిన్న మార్పు వస్తుందనీ కొందరంటారు. మళ్ళీ చేసి చూశాం, ఏమీ లేదని మరికొందరంటారు. పురుగులకి ఉన్నట్టు మనుషులకి ఉందని గట్టిగా చెప్పగలిగినవాళ్ళు నాకెవరూ కనిపించలేదు. నా ఓటు కాదన్నవాళ్ళకే. అయినా ఫోన్ మూసేయలేకపోయాను.

ఎందుకంటే నాకు ఇంకో సంగతి తట్టింది. ఆ వాసనేదో నిజంగా ఉంటే, అండాశయాలతోపాటు నాలోంచి అదీ పోయి ఉంటుంది. అదే పోవడం వల్ల ఆయన దూరమైతే అది ఆయన తప్పూ కాదు, నా తప్పూ కాదు. బీరువాలో మాత్రలు ఉండనే ఉన్నాయి. రాతల్లో చెప్పిన పదార్థం ఈ మాత్రల్లో లేదని నాకు తెలుసు. ఇందులో ఉన్నది దానికి దూరపు చుట్టం. తెలిసి తెలిసి ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా అంటే, ఏడాదిగా భర్త వేలు కూడా తగలని ఆడది చేస్తుంది.

చేస్తే పద్ధతిగా చెయ్యాలి కదా. రెండు చిన్న సీసాలు తీసుకున్నాను. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నీలం మూత. రెండింటిలోనూ కొబ్బరి నూనె, కొన్ని చుక్కల లవంగ నూనె. హార్మోన్ వాసన బయటపడకుండా ఆ పరీక్షల్లో లవంగ నూనెతో కప్పేస్తారని చదివాను, అందుకని. మాత్రలు పొడిచేసి ఒకదాంట్లోనే కలపాలి. ఎందులో కలిపానో నాకు తెలిస్తే నా నడక, నా చూపు మారిపోతాయి. ఆ పని ఇంకొకరు చెయ్యాలి.

తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు ఉంది. మా ఆయనకి ఒక్కతే చెల్లెలు, అక్కడ ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. బడినుంచి తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళింటికి వెళ్ళి సంగతంతా చెప్పాను. విని విని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంత చదువు చదివి ఇదేం పని వదినా! నేరుగా అన్నయ్యనే అడగొచ్చు కదా," అంది.

"అయితే నువ్వే అడుగు."

"అమ్మో, నేనా! ఆ సీసాలిలా ఇవ్వండి వదినా," అంది.

పొడి చేసి, నూనెలో నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టి తెచ్చిచ్చింది. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ కడుపులో మాట దాగదని నాకు భయం. ఎందులో ఉందో నాకు చెప్పనని బైబిలు మీద ఒట్టు పెట్టబోతే, అంత వద్దు, అన్నయ్యకి ఫోన్ చెయ్యకుండా ఉంటే చాలన్నాను.

ఒక వారం ఎర్ర మూత, మరో వారం నీలం మూత అనుకున్నాను. సోమవారం పొద్దున్న స్నానం చేసి రెండు చెవుల వెనకా ఎర్ర మూత సీసా నూనె రాసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన టీ తాగుతున్నారు. ఆయన ముక్కు చాలా చురుకు. చెరువు గట్టు మీద నిలబడి బురద వాసన బట్టి నీళ్ళు పాడవుతున్నాయని చెప్పగలరు. గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఏంటా వాసన?" అన్నారు.

"తలనొప్పిగా ఉంటే ఏదో రాసుకున్నాను."

"ఎవరిచ్చారు?"

"ఒకరివ్వడమేంటండీ? కొనుక్కున్నాను," అన్నాను. ఎవరిచ్చారని అడగడం నాకు వింతగానే అనిపించింది. కానీ ఏడాది తరవాత ఆయన నా ఒంటి గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ సంతోషంలో వింత సంగతి పక్కకి పెట్టేశాను.

సాయంత్రం నేను పవర్‌పేటలో దిగేసరికి ప్లాట్‌ఫాం మీద ఆయన నిలబడి ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన స్టేషన్‌కి వచ్చింది లేదు. హేచరీ నుంచి ఇంత త్వరగా ఎలా వచ్చారంటే, పని లేదన్నారు. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో హేచరీలో పని లేకపోవడమేమిటి? బండి మీద వెనక కూర్చుంటే, "ఏ పెట్టెలో వచ్చావు? పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడిగారు. భీమడోలులో ఎక్కే టీచరమ్మలని చెప్పాను. వాళ్ళ పేర్లు కూడా అడిగారు.

ఆ వారమంతా అంతే. నేను అన్నం వారుస్తుంటే వెనక వచ్చి నిలబడేవారు. నా మెడ దగ్గర ఊపిరి పీల్చేవారు. నాకు వినిపించేది. గోడకి అతుక్కునే మనిషి ఇప్పుడు నన్ను దాటి వెళ్ళరు. గ్లాసు అందుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ముక్కు దగ్గరికి తీసుకుని వదిలేశారు ఒకసారి. నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ రోజు బళ్ళో నేను పిల్లల్ని ఒక్కమాట కూడా అనలేదట. మేడంకి ఏమైందని వాళ్ళే అనుకున్నారు.

ఆదివారం చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఇంకోవైపు కూర్చుంటాం. ఆయనది ఎప్పుడూ ముందు వరస, ఫ్యాను కింద. ఆ ఆదివారం వెనక వరసలో చివర, నేను తిన్నగా కనిపించే చోట కూర్చున్నారు. పాట పాడుతూ తల తిప్పితే నన్నే చూస్తున్నారు. నేను సిగ్గుపడి కీర్తనల పుస్తకంలోకి తల దించుకున్నాను. సంతోషంగా ఉంది. అయినా నా పాడు బుద్ధి ఊరుకోలేదు. ఆ చూపులో ఏదో సరిగా లేదని గొణుగుతూనే ఉంది. కోరుకునేవాడు కాస్తయినా నవ్వాలి. ఈయన మొహంలో నవ్వు లేదు.

రెండో వారం నీలం మూత మొదలుపెట్టాను. రవ్వంత కూడా తేడా లేదు. అదే స్టేషన్, అవే ప్రశ్నలు, మెడ దగ్గర అదే ఊపిరి. ఇంకో రెండు రోజులు ఏమీ రాసుకోకుండా ఉండి చూశాను. వచ్చి వాసన చూశారు. ఏమీ తెలియలేదేమో, మొహం తేరుకుని తన దిండు ఉన్న ముందుగదికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాసుకుంటే మళ్ళీ నా వెనకే.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. హార్మోన్ ఎర్ర మూతలోనే ఉందట, నీలం మూతది ఉత్త నూనె అట. అయితే ఇందులో హార్మోన్ గొప్పేమీ లేదు. ఉన్నదల్లా లవంగానిదే. లవంగం వాసనకి పడిపోయే మగవాడుంటాడా? ఉంటే పెళ్ళయిన దగ్గరనుంచి మసాలా కూర వండిన ప్రతి ఆదివారం నా ఇంట్లో పండగ అయి ఉండాలి కదా. ఏదో ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. మొదటిసారి నాకు కాస్త భయం వేసింది.

అది తేల్చింది మా ఆయన స్నేహితుడి ఫోన్. ఇంటర్ రోజులనుంచి వాళ్ళిద్దరూ ఒకటే కంచం. ఆయనకి ముదినేపల్లి దగ్గరే సొంత హేచరీ ఉంది. నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది ఆయన కారులోనే. తరవాత కూడా నాలుగైదుసార్లు పళ్ళు పట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు. నన్ను చెల్లెమ్మా అంటారు.

నేను మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ వచ్చింది. "చెల్లెమ్మా, నావల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా?" అన్నారు.

"ఏం జరిగిందండీ అన్నయ్యగారూ?"

"మీ ఆయన నా ఫోన్ ఎత్తట్లేదమ్మా. మొన్న మా హేచరీకి వచ్చాడు. మాటా పలుకూ లేదు. నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. చూసి, ఇంక మా ఇంటి గుమ్మం తొక్కొద్దన్నాడు. పనివాళ్ళందరి ముందూ అన్నాడమ్మా."

"చెయ్యి వాసన చూశారా? ఎందుకూ?"

"నాకేం తెలుసు? తల్లి చేపల్ని తొట్టెల్లోకి మారుస్తున్నాం. చేతులనిండా లవంగ నూనే కదా. నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే చేప మత్తుగా ఉంటుంది, ఎగిరి దెబ్బలు తగిలించుకోదు. ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే వాడతాను. మీ ఆయనకి అదంటే గిట్టదు. అయినా అది ఇవాళ కొత్తా?"

ఫోన్ పెట్టేశాను. బెంచీ మీద కూర్చుని అన్నీ కలిపి చూసుకున్నాను. మా ఆయన వాడని వస్తువు గనక చేపల తొట్టెల్లో లవంగ నూనె వాడతారని నాకు తెలియనే తెలియదు. ఆయన ఇంట్లో చేపల పని గురించి చెప్పేదే తక్కువ. ఆ నూనెని నేను తలనొప్పికన్నాను. ఎవరిచ్చారని అడిగితే తడబడ్డాను. ఆ వాసన ఎవరి చేతులకి ఉంటుందో ఆయనకి తెలుసు. ఆ చేతులే నా మెడ మీదికి వచ్చాయని అనుకున్నారు. స్టేషన్‌కి వచ్చింది అందుకు. చర్చిలో వెనక వరస అందుకు. నన్ను కోరుకుని కాదు, నన్ను కనిపెట్టి చూడటానికి. పట్టుకోవడానికి.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని కోపంతో ఉడికిపోయాను. నన్నా? ఆ మంచి మనిషినా? దిగుతూనే నలుగురి ముందూ కడిగేద్దామనుకున్నాను. ప్లాట్‌ఫాం మీద ఆయన నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ఎదురొచ్చి నా చేతిలో సంచీ అందుకున్నారు. నేను సంచీ ఇచ్చేసి ఆయన వెనకే బండి దగ్గరికి నడిచాను.

నిజం చెబితే ఆయన అనుమానం పోతుంది. అనుమానం పోతే ఈ దగ్గరితనమూ పోతుంది. మళ్ళీ ముందుగది, మళ్ళీ గ్లాసు అడుగు పట్టుకోవడం. చెప్పకపోతే రోజూ స్టేషన్‌కి వస్తారు, రోజూ మెడ దగ్గర ఊపిరి. ఇది రాయడానికి నాకే చిన్నతనంగా ఉంది, కానీ జరిగింది ఇదే. మర్నాడు పొద్దున్న అంతా తెలిసి కూడా చెవి వెనక నూనె రాసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన ఊపిరి తగిలింది. మునుపటిలా ఒళ్ళు ఝల్లుమనలేదు. దొంగ సొత్తు వెదికే పోలీసు పక్కన కూర్చున్నట్టుంది. నాకు కావలసింది ఇది కాదని అప్పుడు తెలిసింది. పైగా తప్పు చేయని ఒక మనిషి తన పనివాళ్ళ ముందు తల వంచుకున్నాడు. నేను నోరు మూసుకుంటే అది నిజమైపోతుంది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక, పెరటి మెట్ల మీద కూర్చుని ఆయన చెప్పులకి అంటిన బురద గీకుతున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండు సీసాలూ ఆయన ముందు పెట్టాను.

"వాసన చూడండి," అన్నాను.

ఎర్ర మూత తీసి చూశారు. మొహం కందిపోయింది. "వాడిచ్చాడా?"

"కిరాణా కొట్టు వాడిచ్చాడు. డబ్బు తీసుకునే ఇచ్చాడు. ఇంకా ఎవరిమీదన్నా ఉందా అనుమానం?"

అప్పుడు మొదటినుంచి చెప్పాను. బుట్టలు, రబ్బరు బిళ్ళ, మాత్రలు, వాళ్ళ చెల్లెలు, అన్నీ. ఆయన నన్ను కాదు, సీసాల్ని చూస్తూ విన్నారు. నమ్మినట్టు లేదు. మా ఇద్దరిలో అనుమానపు పిశాచిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఫోన్ తీసి నా ఎదురుగానే చెల్లెలికి చేశారు. ఆవిడ నవ్వుతూనే, "మాత్రలు నూరింది నేనే అన్నయ్యా. పాపం, వదిన నీకోసమే చేసింది," అంది. ఇంకా ఏదో చెబుతుంటే పెట్టేశారు. చాలాసేపు బురద గీకారు. చెప్పుకి బురద ఎప్పుడో పోయింది.

"పొద్దున్నే వండి, రైలెక్కి, ఆటో ఎక్కి, సాయంత్రానికి ఒళ్ళు హూనమై వచ్చేదాన్ని. నాకు అంత తీరికెక్కడుందనుకున్నారండీ?" అన్నాను.

"వాసన అదే. అదే వాసన, అందుకని..."

"లవంగ నూనె చేపలకేనా? జనం పంటి నొప్పికి రాసుకోరా? మన బిర్యానీలో లవంగాలుండవా?"

"బిర్యానీ నాకు తట్టలేదు," అన్నారు. నిజంగానే అన్నారు. ఆయనకి వాసనలన్నీ చెరువు గట్టు మీదే ఉంటాయి. తరవాత మెల్లగా, "పొద్దున్నే వాడి దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను," అన్నారు.

"అది మీరూ మీరూ చూసుకోండి. నాకు మాత్రం ఇంకో సంగతి చెప్పండి. ఈ లవంగం మొన్నటిది. అంతకుముందు ఏడాది పాటు నన్నెందుకు ముట్టుకోలేదు?"

అడిగేశాను. ఏడాదిగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అలా బయటికొచ్చింది. ఆయన నా భుజం వైపు గడ్డంతో చూపించారు.

"ఆ జెల్," అన్నారు.

"జెల్ ఏంటి?"

"ఆరేదాకా ఎవరికీ తగలనివ్వద్దని డాక్టరమ్మ నా ముందే చెప్పింది కదా. టిలాపియా పిల్లలకి మేతలో హార్మోన్ కలుపుతారు. కలిపితే ఆడవి కూడా మగవైపోతాయి. నా కళ్ళతో చూశాను. అటు మార్చగలిగింది ఇటు మార్చలేదా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే, నన్ను ముట్టుకుంటే మీరు ఆడదైపోతారనా?"

"అంత కాకపోయినా... ఛాతీ అదీ," అని బనియన్ సర్దుకున్నారు. "ఈ మధ్య కొంచెం పెరిగినట్టు లేదూ?"

"అది పొట్టతోపాటు పెరిగిందండీ. మీరు తినే అన్నం వల్ల పెరిగింది!"

నాకు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు నవ్వువి అయిపోయాక కూడా ఆగలేదు. ఏడాది! ఏడాదిగా అద్దం ముందు నిలబడి నా పొట్ట మీద మచ్చని చూసుకుని, ఇదా కారణం అనుకున్నాను. నెరిసిన జుట్టు చూసి ఇదా అనుకున్నాను. ఇక ఆడదాన్నే కానేమోననుకున్నాను. ఈయన అవతలి గదిలో టిలాపియా పిల్లల గురించి ఆలోచిస్తూ పడుకున్నారు. ఆయన్ని కొట్టాలనిపించింది.

"నన్నడగొచ్చు కదా. నేను చెప్పే సబ్జెక్టే అది. ఆరిపోయాక ఏమీ కాదు, పైన జాకెట్టు ఉంటే అసలే కాదు."

"నవ్వుతావని అడగలేదు."

"నవ్వేదాన్నే! నవ్వితే ఏం పోయేది?"

పెరట్లో కాకి ఒకటి సీసా మూత తన్నుకుపోవడానికి చూస్తుంటే ఆయన చెయ్యి విసిరి అదిలించారు. మెట్టు ఇరుకు. ఆయన భుజం నా భుజానికి ఆని ఉంది. పొద్దున్న జెల్ రాసుకున్న భుజమే అది. ఆయన గమనించారో లేదో నాకు తెలియదు. నాకు ఇంకో అనుమానం మిగిలింది.

"మరి ఈ మూడు వారాలూ రోజూ నా మెడ మీదే ముక్కు పెట్టారు కదా. చేతులు పట్టుకున్నారు. అప్పుడు ఆ భయం ఏమైంది?"

దానికి ఆయన ఆలోచించారు. నన్ను సంతోషపెట్టాలని కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు ఆలోచించారు.

"అప్పుడు అది గుర్తే రాలేదు," అన్నారు. "నువ్వు నన్నొదిలి పోతావేమోనన్నదే గుర్తుంది."

నేను ఎవరి మాటా ఒకపట్టాన నమ్మను. ఆ మాట నమ్మాను. నమ్మాక కోపం పోయిందా అంటే పోలేదు. కోపం, సంతోషం రెండూ ఒకేసారి ఉన్నాయి, దేన్ని ముందు పైకి తియ్యాలో తెలియలేదు.

"ఇప్పుడు?" అన్నాను.

ఆయన తల తిప్పి, ఆనుకుని ఉన్న మా భుజాల వైపు చూశారు. అప్పుడు చూశారు.

"ఇప్పుడు గుర్తొచ్చింది," అన్నారు. అని, అక్కడినుంచి జరగకుండా కూర్చున్నారు.